ఆరడుగుల మేపుల్ ఎనిమిదడుగులు ఎందుకైంది?

మా వీధి చివరింటి బాబాయిగారు (వరస కలుపుకోవడమే, చుట్టరికం ఏమీ లేదు) పన్నెండేళ్ల కిందట ఒక ఎర్ర జపనీస్ మేపుల్ (ఇంటి ముందు అందానికి పెంచే ఎర్రాకుల చెట్టు) కొన్నారు. ట్యాగ్ మీద డ్వార్ఫ్, అంటే పొట్టి రకం అని, ఎత్తు 4 అడుగులు, వెడల్పు 6 అడుగులు అని రాసి ఉందట. ఆ లెక్క నమ్మి, వీధిలోంచి గుమ్మం దాకా వచ్చే సిమెంటు దారికి సరిగ్గా మూడడుగుల దూరంలో పాతారు. ఇప్పుడది అటూ ఇటూ కలిపి ఎనిమిదడుగుల పైనే పరుచుకుంది. పార్సిల్ తెచ్చే కుర్రాడు గడ్డిలోకి దిగి చుట్టూ తిరిగి రావాలి, వాన పడిన రోజు పేరంటానికి వచ్చినవాళ్ల పట్టుచీరలు తడవాలి. ఎవరైనా చెట్టు భలే ఉందని మెచ్చుకుంటే చాలు, "వామనుడని తెచ్చుకుంటే త్రివిక్రముడై కూర్చున్నాడు" అని మొదలుపెడతారాయన.

నర్సరీ వాళ్లు మోసం చేశారని ఆయన నమ్మకం. నిజానికి వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. ట్యాగ్ మీద వేసేది సాధారణంగా పదేళ్లకు చెట్టు ఎంతవుతుందన్న లెక్క. ఆ సంగతి ఒక్కోసారి చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అసలు ఉండదు. పదేళ్లు నిండగానే ఏ చెట్టూ పెరగడం ఆపదు కదా. డ్వార్ఫ్ అన్న మాట ఈ మొక్కల్లో ఎత్తు కన్నా వేగం గురించే ఎక్కువ చెబుతుంది. మామూలు మేపుల్ కుర్రతనంలో ఏడాదికి అడుగు, అడుగున్నర సాగితే ఇది రెండు మూడు అంగుళాలు, మహా అయితే ఆరు అంగుళాలు సాగుతుంది. ఈ ముక్క బుర్రకెక్కితే ఎక్కడ పాతాలి, ఎంత నీరు పెట్టాలి, ఎరువు ఎందుకు వేయకూడదు, కత్తెర ఎప్పుడు పట్టాలి అన్నవన్నీ దాని వెంటే వస్తాయి, ఎందుకంటే నిదానంగా పెరిగే చెట్టు దెబ్బ తగిలితే కోలుకునేది కూడా అంతే నిదానంగా. వేరే మొక్క ఒక్క వసంతంలో పూడ్చుకునే నష్టానికి దీనికి ఐదేళ్లు పడుతుంది.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ప్లేనోలో. ఇక్కడి మన తెలుగు ఇళ్ల ముందు ఈ చెట్టు ఎంత మామూలైపోయిందంటే, గృహప్రవేశం అయిన ఏడాదిలోపు ఎవరో ఒకరు "ఆ ఎర్రాకు చెట్టు ఎక్కడ దొరుకుతుంది" అని అడగకుండా ఉండరు. అడిగినవాళ్లలో సగం మందివి రెండో వేసవికే ఎండిపోతాయి. నాదీ ఒకటి అలాగే పోయింది, ఆ కథ తర్వాత చెబుతాను.

ముందు అంగట్లో దొరికే సరుకు సంగతి. డ్వార్ఫ్ అనే ఒక్క పేరు కింద మూడు వేరు వేరు వస్తువులు అమ్ముతారు. అసలైన డ్వార్ఫ్ ఒకటి. జపాన్‌లో యాత్సుబుసా అంటారు. కొమ్మ మీద కణుపుకీ కణుపుకీ మధ్య ఎడం బాగా తక్కువ, అందుకని కొమ్మ పొట్టిదైనా ఆకులు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. మికావా యాత్సుబుసా అనే రకాన్ని పైనుంచి చూస్తే ఆకులు ఒకదాని మీద ఒకటి పెంకుటింటి కప్పులా పేర్చినట్టు కనిపిస్తాయి. కియోహిమె, షార్ప్స్ పిగ్మీ కూడా ఇలాంటి దట్టమైన పొట్టి రకాలే. కొన్ని పొట్టి రకాలు ఇంకా చిత్రంగా పుడతాయి. పెద్ద చెట్టు మీద ఎక్కడో ఒక చిగురులో మార్పొచ్చి, అక్కడ మాత్రం చీపురుకట్ట కట్టినట్టు పుల్లలు దట్టంగా మొలుస్తాయి. ఆ చీపురులోంచి ఒక పుల్ల తీసి అంటు కడితే మొక్క మొక్కంతా ఆ గుబురు పద్ధతిలోనే పెరుగుతుంది. బ్లడ్‌గుడ్ అని పదిహేను ఇరవై అడుగులు పోయే ఎర్ర మేపుల్ ఉంది, షైనా, స్కీటర్స్ బ్రూమ్ అనే పొట్టి రకాలు దాని మీద పుట్టిన చీపుర్ల నుంచే వచ్చాయి.

రెండోది వాలుకొమ్మల రకం, ఆకు లేసు అల్లినట్టు సన్నగా చీలి ఉంటుంది. క్రిమ్సన్ క్వీన్, తముకెయామా, విరిడిస్ ఇవన్నీ ఆ జాతి. వీటి కొమ్మలు పైకి పోవు, గొడుగులా కిందికి జారుతాయి. ఎత్తు ఎంత వస్తుందన్నది చాలావరకు ఎంత ఎత్తులో అంటు కట్టారు, చిన్నప్పుడు కర్ర కట్టి ఎంత పైకి నిలబెట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. వెడల్పుకు మాత్రం అలాంటి అడ్డు లేదు. బాబాయిగారిది తముకెయామా. ఎత్తుకు పోదు కాబట్టి డ్వార్ఫ్ అని రాసేస్తారు, పక్కకి ఎంత పోతుందో ఎవరూ నొక్కి చెప్పరు.

మూడోది చిన్న కుండీలో ఉన్న పెద్ద చెట్టు. అంతే. పెద్ద పెద్ద షాపుల్లో పార్కింగ్ పక్కన వరసగా పెట్టి అమ్మే ఎర్ర మేపుల్ మూడడుగులు ఉంది కదా అని డ్వార్ఫ్ అనుకుని కొనేసేవాళ్లు చాలామంది. ట్యాగ్ మీద రకం పేరు లేకుండా ఉత్త "ఎర్ర జపనీస్ మేపుల్" అని మాత్రమే ఉంటే అది గింజ మొక్క కావచ్చు, ఎంత పెరుగుతుందో అమ్మేవాడికి కూడా తెలియదు. పేరు లేని మొక్క ఎంత చవకైనా ఇంటి ముందు పెట్టకండి, పెరట్లో కంచె పక్కన చోటుంటే అది వేరే మాట.

పేర్లు నేర్చుకోవడం కష్టమేమీ కాదు. షిదారె అంటే వాలు కొమ్మలది, బెని అంటే ఎరుపు, అవో అంటే ఆకుపచ్చ, హిమె అంటే రాకుమారి, అంటే చిన్నది, నాజూకైనది. నిషికి అంటే జరీ బుటా గుడ్డ. ఈ ఐదారు మాటలు తెలిస్తే మొక్క చూడకుండానే సగం జాతకం చెప్పొచ్చు. పేరున్న రకాలు వెయ్యికి పైనే ఉన్నాయి, అందుకని అన్నీ తెలుసనేవాళ్ల మాట నమ్మకండి.

పేరున్న ప్రతి మేపుల్ దాదాపుగా అంటు మొక్కే. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే కాస్తుందని నమ్మకం లేదు కదా, ఇదీ అంతే. మొండిగా పెరిగే పచ్చాకు మేపుల్ గింజ మొక్కను కింద ఉంచి, మనకు కావలసిన రకం పుల్లను పైన కడతారు. కాండం అడుగున కాస్త వంకరగానో ఉబ్బుగానో కనిపించేది ఆ అతుకే. దాని కిందనుంచి వచ్చే పిలకలన్నీ ఆ పచ్చ మొక్కవి, వాటికి డ్వార్ఫ్ లక్షణం లేదు. పైన ఏడాదికి మూడంగుళాలు, కింద ఏడాదికి రెండడుగులు అన్నప్పుడు ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు. మా స్నేహితుడొకడు "మాది రెండు రంగుల మేపుల్, అరుదైనది" అని మూడేళ్లు మురిసిపోయాడు. వెళ్లి చూస్తే సగం చెట్టు పిలక. పిలక కనిపించిన రోజే, అది పుట్టిన మొదలు దాకా తీసేయాలి.

ఇప్పుడు ఎండ సంగతి. "జపాన్ చెట్టు, చల్లటి దేశంది, డాలస్ వేడికి తట్టుకోలేదు" అని చాలామంది తేల్చేస్తారు. మరి క్యోటో వేసవి ఏమంత చల్లగా ఉంటుందని? అక్కడ ఆగస్టులో 35 డిగ్రీలు దాటడం మామూలే. అయినా నవంబరు చివర్లో తొఫుకుజి ఆలయం దగ్గర లోయంతా ఎర్రబడితే చూడ్డానికి జనం విరగబడతారు. తేడా ఎక్కడుందంటే, ఈ చెట్టు సహజంగా కొండవాలు అడవుల్లో, పెద్ద చెట్ల నీడన పెరిగేది. అక్కడ జూన్, జులైల్లో వారాల తరబడి వాన, గాలిలో తేమ, వాలు కాబట్టి వేరు దగ్గర నీరు నిలవదు. మా దగ్గర జులైలో దక్షిణం నుంచి వడగాలి, రాత్రి కూడా దిగని వేడి, పడమటి ఇటుక గోడ రాత్రి పది దాకా పెనంలా కాలుతూ ఉండటం. 2011లో డాలస్‌లో 100 ఫారెన్‌హీట్ తాకిన, దాటిన రోజులు 71. ఆకు నుంచి నీరు ఆవిరయ్యే వేగాన్ని వేరు అందుకోలేనప్పుడు ముందు అంచులు మాడతాయి. లేసాకు రకాలకు ఆకు పలచన, అంచులు ఎక్కువ, అందుకని అవి ముందు మాడతాయి, తెల్ల మచ్చల రకాలైతే మరీను.

పెరుగుతాయనడానికి రుజువు కావాలంటే ఫోర్ట్‌వర్త్ బొటానిక్ గార్డెన్‌లో జపనీస్ గార్డెన్‌కి నవంబరులో వెళ్లండి. 1973లో కట్టారు దాన్ని, అంతకుముందు అక్కడ కంకర తవ్వి వదిలేసిన గోతులు ఉండేవి. నేను వెళ్లిన మొదటిసారి ఎర్రాకుల ఫొటోలు తీసుకుని వచ్చేశాను. రెండోసారి వెళ్లినప్పుడు తలెత్తి చూశాను. మేపుల్స్ పైన పెద్ద చెట్ల గొడుగు, నేల వాలు, పక్కన నీళ్లు, చుట్టూ గట్లు కాబట్టి వడగాలికి దారి లేదు. అదే టెక్సాస్, అదే ఎండ.

కాబట్టి ఇక్కడ ఈ చెట్టుకు పొద్దుటెండ, మధ్యాహ్నం నుంచి నీడ కావాలి. అంటే ఇంటికి తూర్పు, లేదా ఉత్తరం, అన్నిటికన్నా మేలు ఈశాన్యం మూల. ఇక్కడ మనవాళ్లకో చిక్కొచ్చి పడుతుంది, ఈశాన్యంలో చెట్టు పెట్టకూడదు, ఆ మూల తేలిగ్గా, పల్లంగా ఉండాలని వాస్తు. మా అత్తగారు ఫోన్‌లో అరగంట వాదించారు. చివరికి "మూడడుగుల మొక్క చెట్టు కిందికి రాదు, తులసి కన్నా కాస్త పెద్ద, అంతే" అని ఆవిడే తీర్పిచ్చారు. డ్వార్ఫ్ వల్ల ఈ లాభం ఒకటుందని ఏ నర్సరీ వాడూ చెప్పడు. అయితే మరీ చీకట్లో పెడితే ఇంకో ఇబ్బంది, ఎర్ర రకాలకు ఆ ఎరుపు నిలవడానికి ఎండ కావాలి. పూర్తి నీడలో అవి మట్టి రంగు కలిసిన ఆకుపచ్చగా తయారవుతాయి. మంచి ఎండలో ఉన్నవి కూడా ఈ వేడికి జులై నాటికి కాస్త పచ్చబారతాయి, అది జబ్బు కాదు.

మట్టి దగ్గరికి వద్దాం, అసలు కథంతా ఇక్కడే. డాలస్ చుట్టుపక్కల నేల బ్లాక్‌ల్యాండ్ అంటారు కానీ గుంటూరు, ప్రకాశం పొలాలు చూసినవాళ్లకు పరిచయం అక్కర్లేదు, అది మన నల్లరేగడే. నేలల శాస్త్రంలో కూడా రెండూ వర్టిసాల్ అనే ఒకే కోవలోవి. తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, ఎండితే చెయ్యి దూరేంత బీటలు వారుతుంది. ఈ బీటల భయానికి ఇంటి పునాదికి కూడా పైపు వేసి నీళ్లు పెట్టే ఊరు మాది. ఈ మట్టి పత్తికి బంగారం. మేపుల్‌కి మాత్రం రెండు విధాల గండం. నీరు దిగదు, పైగా సున్నం ఎక్కువ. పుల్లటి నేల, అంటే పీహెచ్ ఐదున్నర నుంచి ఆరున్నర మధ్య ఉంటే ఇష్టపడే మొక్కను ఏడున్నర, ఎనిమిది ఉన్న నేలలో పెడితే ఇనుము అందక ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారుతుంది.

2017 ఏప్రిల్‌లో నూట ముప్ఫై డాలర్లు పోసి క్రిమ్సన్ క్వీన్ తెచ్చాను. పడమటి వైపు, కిటికీ ముందు, అందరికీ కనిపించే చోట. నల్లమట్టిలో నాలుగు గంటలు చెమటోడ్చి రెండడుగుల లోతు గొయ్యి తీశాను, బస్తాల్లో కొన్న మెత్తటి మట్టి నింపాను, మా తాతగారు కొబ్బరి మొక్కకు చేసినట్టు చుట్టూ శుభ్రంగా పాదు చేశాను. జూన్‌లో అంచులు మాడాయి. నీళ్లు చాలడం లేదనుకుని రోజూ పోశాను. ఇంకా మాడింది. ఇంకా పోశాను. సెప్టెంబరులో కాండం పట్టుకుని లాగితే మడిలోంచి ఉల్లిపాయ ఊడినట్టు ఊడొచ్చింది. వేర్లు నల్లగా ఉన్నాయి, ఒక వేరును రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు తొడుగులా జారి లోపల దారం లాంటిది మిగిలింది. గొయ్యి అడుగున ఇంకా నీళ్లున్నాయి, మురుక్కాలవ వాసన. నేను ఎండకు చచ్చిందనుకున్న చెట్టు మునిగి చచ్చింది. రేగడి మట్టిలో గొయ్యి తీసి మెత్తటి మట్టి నింపడమంటే తొట్టి కట్టి అందులో చెట్టు పెట్టడమే, పడిన ప్రతి చుక్కా అక్కడికే చేరి అక్కడే నిలుస్తుంది.

కాబట్టి ఇక్కడ పాదుకు పూర్తిగా తిరగేసి చేయాలి. దిబ్బ కట్టాలి. ఐదారడుగుల వెడల్పున, చుట్టూ నేల కన్నా ఎనిమిది అంగుళాలైనా ఎత్తుగా. ఉన్న మట్టిలో పైన్ బెరడు ముక్కలు, ఎక్స్‌పాండెడ్ షేల్ (ఇక్కడ బస్తాల్లో దొరికే కాల్చిన మట్టి గులకలు) బాగా కలిపి, దాని మీద చెట్టును కూర్చోబెట్టాలి. కాండం అడుగున వెడల్పై వేర్లుగా విడిపోయే చోటు బయటికి కనబడాలి, ఇది మాత్రం ఎక్కడున్నవాళ్లకైనా వర్తిస్తుంది. కుండీలోనే చాలాసార్లు ఆ చోటు రెండంగుళాల మట్టి కింద కప్పబడిపోయి ఉంటుంది, పాతేముందు వేళ్లతో తవ్వి చూసుకోండి. వేర్లు కుండీ గుండ్రాన చుట్టుకుని ఉంటే విడదీయండి, రానివి కోసేయండి, లేకపోతే పదేళ్ల తర్వాత అవే కాండానికి ఉరి బిగిస్తాయి. పాతడానికి మంచి కాలం మా దగ్గర అక్టోబరు, నవంబరు. ఏప్రిల్‌లో పాతితే వేరు కుదురుకునే లోపే వేసవి మీద పడుతుంది. మొక్కలు షాపుల్లో ముద్దొచ్చేది మాత్రం ఏప్రిల్‌లోనే, అదే దురదృష్టం.

పైన రెండు మూడు అంగుళాలు బెరడు మల్చ్ (నేల మీద కప్పే బెరడు ముక్కల పొర) వేయాలి, కాండానికి తగలకుండా. మా వీధిలో పచ్చిక కోసే బృందాలు కాండం చుట్టూ మల్చ్‌ను పుట్టలా పోస్తాయి. చూడ్డానికి బావుంటుంది, లోపల బెరడు నాని కుళ్లుతుంది.

నీళ్లకు ఒక లెక్క చెప్పమని అడుగుతారు. నాది చెబుతాను గానీ మీ మట్టి మీది. మూడు గ్యాలన్ల కుండీ మొక్కకు మొదటి వేసవి వారానికి రెండుసార్లు, ఒక్కోసారి సుమారు మూడు గ్యాలన్లు, డ్రిప్ మీద నిదానంగా. పోసేముందు మల్చ్ జరిపి వేలు మూడంగుళాలు లోపలికి గుచ్చుతాను, పిండిన గుడ్డలా చెమ్మగా ఉంటే ఆ రోజు మానేస్తాను. నీళ్లు తక్కువైనా, ఎక్కువై వేరు కుళ్లినా ఆకు చూపించేది ఒకే లక్షణం, అంచు మాడటం. ఆకును చూసి ఏ డాక్టరూ చెప్పలేడు, వేలు పెట్టి చూడాల్సిందే. పచ్చిక స్ప్రింక్లర్ నీళ్లు ఆకు మీద పడకుండా చూడండి, ఇక్కడి ఉప్పు నీళ్లు ఆరిపోయాక తెల్ల మచ్చలు, ఆ మీద ఎండ. ఆగస్టు కల్లా కొంత మాడటం ఎలాగూ తప్పదు, దాన్ని చూసి టెన్షన్ పడి ఎరువు వేయడం, ఆకులు కోసేయడం చేయొద్దు. అలా వదిలేస్తే వసంతంలో మళ్లీ మామూలే.

ఎరువు గురించి చెప్పాల్సింది కొంచెమే. మార్చిలో నిదానంగా కరిగే గుళికలు గుప్పెడు, అదీ అవసరమైతేనే. నత్రజని ఎక్కువైతే డ్వార్ఫ్ కూడా పొడుగ్గా, పీలగా సాగుతుంది, మనం కొన్న గుబురే పోతుంది. అంతకన్నా ప్రమాదం పచ్చికకు వేసే కలుపుమందు కలిసిన ఎరువు. అందులో ఉండే డైకాంబా, అట్రజిన్ లాంటివి గడ్డిని వదిలేసి వెడల్పాకు కలుపును చంపుతాయి. మేపుల్‌దీ వెడల్పాకే, దాని వేర్లు గడ్డి కిందికి పోయి ఉంటాయి. వసంతంలో కొత్తాకులు మెలికలు తిరిగి వస్తే పురుగు మందు వెతికే ముందు గడ్డికి ఏం చల్లారో గుర్తు చేసుకోండి.

మన ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది వంకాయ మడి గురించి. వర్టిసిలియం అనే బూజు నేలలో ఉండి వేరులోంచి ఎక్కి నీటి నాళాలు మూసేస్తుంది, మేపుల్‌కి ఇది వస్తే మందు లేదు. అదే బూజు వంగ, టమాటా, మిరప, బెండ, బంగాళాదుంపలకు కూడా వస్తుంది, ఆ మొక్కలు తీసేశాక కూడా నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. మన పెరళ్లలో ఏం పెంచుతామో వేరే చెప్పాలా? అందుకే పాత కూరగాయల మడిని పూడ్చి అక్కడ మేపుల్ పెట్టే ఆలోచన మానుకోండి. మిగతా చెట్టు కళకళలాడుతుంటే ఉన్నట్టుండి ఒక్క కొమ్మ మాత్రమే వాడిపోతే దాన్ని ఏటవాలుగా కోసి చూడండి. బెరడు కింద చెక్కలో నల్లపచ్చటి చారలు కనిపిస్తే అనుమానం అదే. ఆ కత్తెరతో ఇంకో చెట్టును ముట్టుకునే ముందు స్పిరిట్‌తో తుడవాలి.

పురుగుల గొడవ దీనికి తక్కువ. వసంతంలో లేత చిగుళ్లకు పేనుబంక పడితే పైపు నీళ్లు గట్టిగా కొడితే చాలు. భయపడాల్సింది ఆంబ్రోసియా పురుగుకు, కాండంలోంచి పళ్లపుల్ల సైజులో తెల్లటి పొట్టు కడ్డీలు బయటికి పొడుచుకొస్తే అదే. ముఖ్యంగా నీరు నిలిచి నీరసపడిన చెట్లనే అది వాసన పట్టి వస్తుంది, అంటే మళ్లీ పైన చెప్పిన గొయ్యి దగ్గరికే.

కత్తిరింపు నాకిష్టమైన పని. డిసెంబరు, జనవరిలో ఆకులన్నీ రాలాక పీట వేసుకుని, తర్వాత నేను ఈశాన్యం మూల పెట్టుకున్న షైనా పక్కన కూర్చుంటాను. డ్వార్ఫ్‌లో పుల్లలు మరీ దట్టం, రాలిన ఆకులు నేల మీద పడకుండా లోపలే ఇరుక్కుని పిచ్చుక గూడులా తయారవుతాయి. చెయ్యి కిందనుంచి పెట్టి ఆ చెత్తంతా దువ్వినట్టు లాగేస్తే లోపల అస్థిపంజరం బయటపడుతుంది. బతికున్న పుల్ల నున్నగా, ఎర్రగా మెరుస్తుంది, చచ్చింది బూడిద రంగులో ఉండి గోరుతో నొక్కితే టక్కున విరుగుతుంది. చచ్చినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి తీస్తాను, అంతే, ఏడాదికి ఒక దోసెడు. మేపుల్‌కి చిగుళ్లు ఎదురెదురుగా జంటగా వస్తాయి కాబట్టి జంటకు కాస్త పైన కోయాలి. ఫిబ్రవరి, మార్చిలో కోస్తే కోసినచోట రసం ధారగా కారుతుంది, చెట్టు చావదు గానీ మన ప్రాణం ఉసూరుమంటుంది. ఎండాకాలంలో పై ఆకు తీసేస్తే ఇన్నాళ్లూ నీడలో ఉన్న బెరడు కాలుతుంది. అన్నిటికన్నా పాపం కరెంటు కత్తెర. తోటపనికి వచ్చినవాళ్లు ఒకరింట్లో చక్కటి వాలుమేపుల్‌ను లడ్డూలా గుండ్రంగా చెక్కేసి వెళ్లారు, ఆ ఇంటావిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

చలి గురించి మా ఊళ్లో ఎవరూ అడగరు, కానీ 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్ దాకా పడిపోయింది. నేలలో ఉన్న షైనా, ఆకు లేకుండా నిద్రలో ఉంది కాబట్టి, ఏమీ కానట్టు మార్చిలో చిగురేసింది. వరండాలో కుండీలో ఉన్న చిన్న మేపుల్ పోయింది. కుండీలో వేరుకు నాలుగు వైపులా చలే, నేల ఇచ్చే వెచ్చదనం ఉండదు, కొమ్మలు తట్టుకునే చలిని వేర్లు తట్టుకోలేవు. అలాంటి రాత్రుళ్లు కుండీని గరాజ్‌లోకి లాగేయాలి. నేలలో ఉన్నవాటికి అసలు భయం మార్చి మంచు, లేతాకు విచ్చుకున్నాక ఒక్క రాత్రి గడ్డకట్టే చలి పడితే ఆకులు ఉడికిన తోటకూరలా వేలాడతాయి. కియోహిమె మరీ తొందరగా చిగురేసే రకం, దానికి ఒక పాత దుప్పటి రెడీగా పెట్టుకోవాలి.

హైదరాబాద్ నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ మా తమ్ముడు "అన్నయ్యా, ఒక మొక్క పట్టుకురా" అంటాడు. విమానంలో మొక్క తేవడానికి కావలసిన కాగితాల సంగతి అటుంచి, తెచ్చినా లాభం లేదు. ఈ చెట్టుకు ఏటా కొన్ని వారాలు నిజమైన చలి కావాలి, ఆకు రాల్చి పడుకోవాలి. హైదరాబాద్ డిసెంబరు మనకు చలి, దానికి కాదు. లంబసింగిలో రెండు రాత్రుళ్లు సున్నా దగ్గరికి వెళ్లినా ఆ నిద్రకు చాలదు. హిమాచల్, కాశ్మీర్ కొండల్లోనైతే పెరుగుతుంది. ఈలోగా వాడు ఆన్‌లైన్‌లో నీలం రంగు మేపుల్ విత్తనాలు ఇరవై కొన్నానని ఫొటో పంపాడు. నీలం ఆకుల మేపుల్ ఈ భూమ్మీద లేదు, ఆ రంగు కంప్యూటర్‌లో వేసింది. నిజం విత్తనమే అయినా ఫ్రిజ్‌లో తడి ఇసుకలో మూడు నెలలు పెడితే గానీ మొలకెత్తదు. ఈ మాట చెప్తే వాడు అలిగి వారం ఫోన్ చేయలేదు.

మా ఈశాన్యం మూల షైనా 2018 అక్టోబరులో దిబ్బ మీద పెట్టింది, అప్పుడు మోకాలి ఎత్తు, ఇప్పుడు నడుం దాటింది. బాబాయిగారు మాత్రం మొన్న చలికాలం తెగించారు. చెట్టును తవ్వి పక్కకి జరిపిద్దామని ఒకరిని పిలిస్తే, పన్నెండేళ్ల వేరు, బతుకుతుందని మాటివ్వలేనన్నాడు. కొమ్మలు కొట్టేద్దామంటే పిన్నిగారు ఒప్పుకోలేదు. ఆరు వారాలు కాలనీ కమిటీ అనుమతి కోసం తిరిగి, చివరికి చెట్టు జోలికి పోకుండా సిమెంటు దారినే పగలగొట్టించి ఐదడుగులు అవతలికి వేయించారు.